భాగ్యశ్రీకి ఒక తప్పు తక్కువైంది

పిల్లల రాతలో తప్పులుండటం బడి చేసుకున్న అదృష్టం! తప్పే లేకపోతే ఏం నేర్పాలో పంతులమ్మకెలా తెలుస్తుంది?

చిక్కడపల్లిలో రెండో తరగతి చెప్పే మాధురి టీచర్‌కు ఈ సంగతి తొంభై నాలుగులో, నారాయణగూడ ట్రైనింగులో తెలిసింది. ముందు ఇరవై మాటల డిక్టేషన్, ఎవరికేం రాదో చార్టు, ఆ తర్వాతే పాఠం. నాడి చూడకుండా మందిస్తారా ఎవరైనా?

సంబరంగా డిక్టేషన్ పెట్టింది. పిల్లలూ చిన్నబుచ్చలేదు. ఒకడు వృక్షాన్ని 'వుచ్చం' చేశాడు, ఇంకొకడు స్నేహంలో సగం మింగేశాడు. చార్టు కళకళలాడింది.

తాపీమేస్త్రీ ఈదయ్య కూతురు భాగ్యశ్రీ మాత్రం ఇరవైకి ఇరవై రాసి కొంప ముంచింది. తండ్రి భుజాలెక్కి అశోక్ నగర్ బోర్డులన్నీ చదివిన పిల్ల, తన పేరు రాయడం ఆ పేరే ఉన్న గాజుల దుకాణం బోర్డు చూసి నేర్చుకుంది. డబుల్ ప్రమోషన్ ఇచ్చి నాలుగో తరగతికి పంపాల్సిందేనని మాధురి మురిసిపోతూ కాగితం హెడ్మాస్టర్ గోవర్ధన్ గారికిచ్చింది.

ఆయన చూపు పైనున్న పేరు దగ్గరే ఆగిపోయింది. రిజిస్టరులో 'బాగేసిరి' అని ఉంది మరి! తల్లి తిమ్మమ్మ ఎలా పలికితే అలా ఎక్కించింది ఆయనే. సొంత పేరే రాని పిల్లకు ప్రమోషనేందమ్మా అన్నారు.

రిజిస్టరే దిద్దితే పోదా అని మాధురి నసిగింది.

"ఒక్కసారి పడ్డంక దిద్దనీకి రాదమ్మా," అన్నారాయన.

నిజమే కదండీ! రిజిస్టరు దిద్దాలంటే అఫిడవిట్టు, గెజిటెడ్ సంతకం, పైఆఫీసు. పిల్లను దిద్దాలంటే పలకా బలపం చాలు.

ట్రైనింగులో చెప్పినట్టే ప్లాను తయారైంది. మొదటి వారం ఒత్తు భా మరవడం, రెండో వారం యవత్తు, మూడో వారం శ్రీని సిరి చేయడం.

"టీచర్, నా పేరు రాయాల్నా, రిజిస్టర్ పేరు రాయాల్నా?" అని అడిగిందా పిల్ల. మాధురికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నేర్పింది. నెల తిరక్కుండా భాగ్యశ్రీ ఒక్క తప్పు లేకుండా తప్పు రాసి, నాలుగో తరగతిలో కూర్చుంది. కొత్త పద్ధతికి ఇంతకన్నా విజయమేముంటుంది?

ఎండాకాలం సెలవుల్లో హెడ్మాస్టర్ గది ముందు కొత్త గచ్చు వేయించారు. మేస్త్రీ ఈదయ్యే. మర్నాడు గోవర్ధన్ గారు వచ్చేసరికి సరిగ్గా గడప ముందు, తడి ఆరకముందే పుల్లతో గీసిన జానెడు అక్షరాలు, ఒత్తుతో, యవత్తుతో, రవత్తుతో సహా: భాగ్యశ్రీ.

ఇది రిజిస్టర్ ప్రకారం లేదని ఆయన మేస్త్రీని పిలిచి గద్దించారు.

ఈదయ్య వంగి గచ్చును వేలితో తట్టి చూశాడు.

"ఒక్కసారి పడ్డంక దిద్దనీకి రాదు సారూ."