ఏడో బటన్

పిల్లలు కోర్టు మెట్లెక్కి చెడిపోకూడదని ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. చిన్న తప్పు చేసినవాళ్లను కేసుల జోలికి పోనివ్వకుండా, దారి మళ్లింపు కేంద్రంలో కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతారు. సభలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. పిల్లలంటే ఎవరికి చేదు?

ఓ భవనం మూడో అంతస్తులో ఉండే తల్లి మాత్రం ఈ వార్తకూ భయపడింది. ఆవిడ భయపడటానికి వార్త చెడ్డదై ఉండాలన్న నియమం లేదు. ఫోను మోగితే ఆస్పత్రి. మోగకపోతే ఇంకా పెద్ద ఆస్పత్రి.

ఈసారి భయం వమ్ము కాలేదు. పదమూడేళ్ల కూతురు బడి నుంచి వస్తూ లిఫ్టులో బటన్లన్నీ నొక్కేసింది. ఆరో అంతస్తు పెద్దాయన అంతస్తు అంతస్తుకూ ఆగుతూ ఇల్లు చేరారు. వెనకటికైతే వాచ్‌మన్ ఓ కసురు కసిరేవాడు, అక్కడితో సరి. కొత్త చట్టం ప్రకారం లైసెన్సు లేనివాళ్లు పిల్లల్ని కసరకూడదు.

"ఏం చేయమంటారమ్మా, నేను నోరు చేసుకుంటే నా మీద రాస్తారు. కేంద్రానికి పాప పేరు రాసేస్తే ఇద్దరికీ క్షేమం" అన్నాడు వాచ్‌మన్, పాపం నొచ్చుకుంటూనే.

ఏ పిల్లను కోర్టుకు రాకుండా కాపాడాలో కోర్టే తేల్చాలి కనుక, తల్లీకూతుళ్లు మూడుసార్లు కోర్టుకు వెళ్లారు. ఈ పాప ఇక్కడికి రావలసిన అవసరమే లేదని మూడోసారి ఉత్తర్వు వెలువడింది. దాని నకలు తీసుకోవడానికి నాలుగోసారి రమ్మన్నారు.

కేంద్రం అధికారి మర్యాదస్థుడు. కుర్చీ చూపించి మరీ ఉపన్యసించారు. "ఇక్కడ శిక్ష అన్న మాటే లేదమ్మా. పాప తనంతట తాను, ఇష్టపూర్వకంగా తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కేసు."

భవనానికి ఏడంతస్తులు కనుక ఫారంలో ఏడు బటన్లని రాసి ఉంది.

"నేను ఆరే నొక్కానండీ. ఏడోది ఎప్పుడో ఊడిపోయింది" అంది కూతురు.

అధికారి కలం మూత పెట్టేశారు. అరకొర ఒప్పుకోలు పశ్చాత్తాప లోపం కిందికి వస్తుందట. తల్లికి కూతురు జైల్లోనే తల నెరిసి, పళ్లూడి, కట్టుడు పళ్లకు అర్జీ పెట్టుకోవడం కళ్లకు కట్టింది.

"ఏడూ నొక్కానని చెప్పవే తల్లీ. ఊడినచోట వేలు పెట్టావేమో, గుర్తు తెచ్చుకో."

కూతురు గుర్తు తెచ్చుకుంది. ఆ పిల్ల అబద్ధం ఆడటం అదే మొదలు. సంస్కరణ ఆ క్షణం నుంచే మొదలైందని ఫైల్లో రాసుకున్నారు.

పన్నెండు వారాలు, సరిగ్గా బడి వేళల్లోనే శిక్షణ. చెక్కతో చేసిన లిఫ్టులో నిలబడి ఒకే ఒక్క బటన్ నొక్కాలి. ఆ లిఫ్టు అంగుళం కదలకపోయినా, దిగేటప్పుడు మెట్టు చూసుకోమని శిక్షకుడు రోజూ హెచ్చరించేవాడు. పక్క గదిలో, ఇంట్లో తలుపు విసిరికొట్టిన అమ్మాయి ఒకత్తె, గోడ లేని తలుపును వినయంగా మూస్తూ ఉండేది. తల్లి బయట బెంచీ మీద కూర్చుని, లోపల చప్పుడైతే ఒకసారి, కాకపోతే రెండుసార్లు లేచి చూసేది.

చివరిరోజున పాప పూర్తిగా మారిపోయిందని పత్రం ఇచ్చారు. పాపను మాత్రం ఇవ్వలేదు. కేంద్రానికి నలభై సీట్లు. ఒక్కటి ఖాళీ అయినా ఊళ్లో తప్పులు తగ్గాయని పైవాళ్లు అనుకుంటారు. తప్పులు తగ్గితే కేంద్రం ఎత్తేస్తారు. ఎత్తేస్తే పిల్లల్ని కాపాడేదెవరు? కాబట్టి ఆ సీట్లోకి మరొకరు వచ్చేదాకా ఈ పాప రోజూ హాజరు వేయించుకోవలసిందే.

"సోమవారం నుంచి దానికి పెద్ద పరీక్షలండీ. రాయకపోతే ఏడాది పోతుంది" అంది తల్లి.

"అంతా మీ చేతుల్లోనే ఉందమ్మా" అన్నారు అధికారి ఆప్యాయంగా. "మీ చుట్టుపక్కల పిల్లలు లేరూ?"

ఖాళీ ఫారం ఒకటి చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఎవరి పిల్లలైనా పిల్లలే కదా అనుకుంది. తరువాత మొహం కడుక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని, కలం మూత తీసి బాల్కనీలో కూర్చుంది.

ఇవాళ శుక్రవారం. మీ పాప కింద ఆడుకుంటూ ఉంటే ఒకసారి లోపలికి పిలుచుకోండి. పిలిచేటప్పుడు గొంతు పెంచకండి. దానికి వేరే ఫారం ఉంది.