అరవై సున్నాలు

ఆ రోజు చేయాల్సిన పనులు ఆమె బస్సులోనే ఒక చీటీ మీద రాసుకుంది.

ఒకటి: జపాన్ కంపెనీ ఫారం నింపాలి. అరవై గడులు, ఒక్కటీ వదలకూడదు.
రెండు: సార్ సంతకం.
మూడు: పన్నెండు లోపల పంపేయాలి.
నాలుగు: సాయంత్రం పర్మనెంటు కాగితం అడగాలి. మర్యాదగా.
ఐదు: అమ్మకి నీలం దారం రీళ్ళు ఆరు.
ఆరు: కాగితం చేతికొచ్చేదాకా పర్మనెంటు సంగతి ఎవరికీ చెప్పకూడదు.

ఆరో పని అప్పటికే చెడిపోయింది. ఆమె తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ కొలత తీసుకుని, బదులుగా ఈ కబురు ఇచ్చి పంపింది. ఆ ఇంట్లో డిగ్రీ అనే మాట ఈ పిల్లతోనే మొదలైంది మరి, ఆవిడ నోటికి తాళం వేయడం ఎవరి తరం?

తల్లికి అక్షరం ముక్క రాదు. అయితే సుద్దముక్క పట్టిందంటే గుడ్డ మీద ఆవిడ పెట్టని గుర్తు లేదు. గుండీ వచ్చేచోట సున్న, కత్తిరించే చోట అడ్డగీత, మడత పడే చోట జంట గీతలు. వాటి అర్థం ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఒకసారి ఆవిడ జ్వరంతో పడుకుంటే పక్కింటావిడ సాయానికొచ్చి, కత్తిరించాల్సిన చోటల్లా గుండీలు కుట్టింది. ఆ చొక్కా తాలూకు మనిషి ఇప్పటికీ ఆ వీధిలోంచి నడవడు. ఈ సంగతి కూతురికి బాగా తెలుసు. ఆ రోజు పొద్దున మాత్రం గుర్తుకు రాలేదు.

ఆమె పనిచేసేది కుళాయిలకీ పంపులకీ వేసే రబ్బరు వాషర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో. వెనక షెడ్డులో పద్నాలుగు మంది పనివాళ్ళు. ముందు గదిలో యజమాని, ముప్పై ఏళ్ళుగా టైపు కొడుతున్న గుమాస్తా, ఆరు నెలల కింద జపాన్ భాష వచ్చునని చేరిన ఈమె. అందరూ ‘జపానమ్మాయి’ అనేవారు. జపాన్‌లో ఒక పంపుల కంపెనీ వాషర్లు కొనాలనుకుంటోందని తెలిసి యజమాని ఆమెని తీసుకున్నాడు. ఆ కంపెనీ సరేనంటే ఉద్యోగం పర్మనెంటు. కాదంటే ఆరు నెలల గడువు ఆ సాయంత్రంతో సరి.

చేరిన కొత్తలో ఆమె కంప్యూటరు చూసి గుమాస్తా నివ్వెరపోయాడు. జపాన్ భాషలో టైపు కొట్టేటప్పుడు గుర్తుల కోసం మీటలు వెతుక్కోనక్కర్లేదు. గుర్తుని పేరు పెట్టి పిలవాలి. ‘కొమె’ అని కొట్టి కిందున్న పొడుగు మీట నొక్కుతూ పోతే, ఆ పేరున్న అక్షరాలన్నీ వరసలో నిలబడతాయి, వాటిలో ※ కూడా ఉంటుంది. కొమె అంటే బియ్యం. ఆ గుర్తు వాళ్ళ బియ్యం అక్షరంలా ఉంటుందని దానికా పేరు. ‘హోషి’ అంటే చుక్క ★ వస్తుంది. ‘యూబిన్’ అని తపాలాని పిలిస్తే 〒 వస్తుంది. పేరు తెలియకపోతే మాత్రం ఎంత బతిమాలినా ఏదీ రాదు. ఇవన్నీ ఆమె ఒక అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి కంప్యూటరు తెరకి అంటించింది.

"మా ఇంట్లో పిల్లిని పేరు పెట్టి పిలిచినా రాదు తల్లీ, ఇవి వస్తాయా?" అన్నాడు గుమాస్తా.

"ఒకసారి అలవాటు చేస్తే రెండోసారి పిలవగానే ముందుకొచ్చి నిలబడతాయి బాబాయి గారూ," అంది ఆమె.

ఆ పొద్దున ఆమె పిలిచింది ఒక్క పేరే. ‘మరు’. అంటే గుండ్రం. మొదటి రెండుసార్లు వరసలో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కంప్యూటరు మచ్చికై, పిలవగానే ○ తెచ్చి పెట్టింది. పదిన్నరకల్లా అరవై గడుల్లో అరవై గుండ్రాలు. ఒక్కటీ అబద్ధం కాదు. వారం రోజులు షెడ్డంతా తిరిగి, ఒక్కో ప్రశ్ననీ కళ్ళారా చూసుకున్నాకే వేసింది. యజమానికి అర్థం కావాలని అచ్చుతీసిన కాగితం మీద అరవై ప్రశ్నల పక్కనా పెన్సిలుతో తెలుగులో రాసింది కూడా. పైనున్న రెండు వాక్యాలు మాత్రం వదిలేసింది. అవి ఫారం ఎలా నింపాలో చెప్పేవి. నింపేది తనే కదా, ఇంకెవరికి కావాలి అనుకుంది. కాగితం యజమాని బల్ల మీద పెట్టి, నమూనా వాషర్లు ఏరడానికి షెడ్డులోకి వెళ్ళింది.

యజమాని వచ్చాడు. కూర్చున్నాడు. కాగితం చూశాడు. పొద్దున లేస్తే గుండ్రటి వాషర్లు అమ్ముకుని బతికే మనిషికి, కాగితం మీద గుండ్రం కనబడేసరికి చిన్నప్పటి లెక్కల మాస్టారు కళ్ళముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఈ అమ్మాయికి నా మీద ఏమన్నా కోపమా?" అన్నాడు గుమాస్తాని పిలిచి.

"ఎందుకండీ?"

"చూడు. గాలీ వెలుతురూ వస్తాయా? సున్నా. పనివాళ్ళకి చేతి తొడుగులున్నాయా? సున్నా. కొలతలు రోజూ చూస్తారా? సున్నా. ఫ్యాక్టరీకి యజమాని ఉన్నాడా అని అడిగి ఉంటే అక్కడా సున్నాయే పెట్టేది."

గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని పై నుంచి కిందికి చూశాడు. పర్మనెంటు కాగితం ఇవాళా రేపూ అని నాన్చినందుకు పిల్ల మనసు కష్టపెట్టుకుని ఉంటుందని నెమ్మదిగా అన్నాడు. యజమానికి ఆ మాట సూటిగా తగిలింది. పిలిచి చివాట్లు పెడదామంటే, ఆమె అలిగిందా జపాన్‌తో మాట్లాడే నోరు ఇంకొకటి లేదు. కర్ర విరక్కూడదు, పాము చావాలి. ఆమె వచ్చేలోగా గుట్టుచప్పుడు కాకుండా సున్నాలన్నీ తీసి, ప్రతిచోటా చక్కగా టిక్కు పెట్టి పంపేయమన్నాడు.

గుమాస్తా ఆమె కుర్చీలో కూర్చున్నాడు. అట్టముక్క చదివాడు. బియ్యం ఉంది, చుక్క ఉంది, తపాలా ఉంది. టిక్కు లేదు. ‘టిక్కు’ అని పిలిచాడు, పలకలేదు. ‘రైటు’ అన్నాడు, ఏవో కొక్కిరిబిక్కిరి అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. అప్పుడు ఆయనకి జపానమ్మాయి టీ తాగుతూ చెప్పిన ముక్క గుర్తొచ్చింది. ఇంగ్లీషు మాట వస్తే మనలాగే వాళ్ళూ చివర ఒక ‘ఉ’ తగిలిస్తారట. మనకి బస్సు, వాళ్ళకి బసు. మనకి కప్పు, వాళ్ళకీ కప్పు. అయితే టిక్కుకి ఇంగ్లీషులో ఉన్న ఇంకో పేరు, బ్యాంకులో ఇచ్చేదాని పేరు? ఆయన ఊపిరి బిగబట్టి ‘చెక్కు’ అని కొట్టి పొడుగు మీట నొక్కాడు.

✓ వచ్చి నిలబడింది.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. స్కేలు తెరకి ఆనించి, వరస తర్వాత వరస అరవై టిక్కులు పెట్టాడు. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టుకున్నాడు. యజమాని సంతకం పెట్టాడు. పదకొండూ యాభైకల్లా ఫారం సముద్రాలు దాటింది.

నమూనాల డబ్బాతో ఆమె వచ్చేసరికి ఇద్దరూ పెళ్ళి జరిపించినవాళ్ళలా నవ్వుతూ కూర్చున్నారు. పంపించేశామమ్మా, నీకు శ్రమ లేకుండా అన్నాడు యజమాని. ఆమె నకలు చేతిలోకి తీసుకుంది. డబ్బా బల్ల మీద పెట్టింది. తర్వాత తనూ కూర్చుంది.

"సార్, పైన రెండు వాక్యాలున్నాయి చూశారా?"

"ఉన్నాయి. నువ్వు తెలుగు రాయలేదుగా."

"బాగుంటే గుండ్రం పెట్టండి, బాగాలేక సరిచేయాల్సి ఉంటే టిక్కు పెట్టండి అని సార్."

యజమాని కాగితం తీసుకుని మొదటి ప్రశ్న దగ్గర్నుంచి మళ్ళీ చదివాడు. గాలీ వెలుతురూ లేవని ఆయనే సంతకం పెట్టాడు. తొడుగులు లేవనీ, కొలతలు చూడరనీ, వాషర్లు గుండ్రంగా ఉండవనీ సంతకం పెట్టాడు.

"గుండ్రం అంటే ఒప్పా? లోకంలో ఎక్కడైనా ఉందా?" అన్నాడు నీరసంగా.

ఉందని ఆమెకి తెలుసు. జపాన్ భాష మొదటి పరీక్ష కాగితం నిండా గుండ్రాలతో వస్తే, అన్నీ సున్నాలనుకుని బడి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన పిల్ల ఆమే. పంతులమ్మ వచ్చి, పిచ్చిదానా, నీకే అందరికన్నా ఎక్కువ అని చెప్పాల్సి వచ్చింది. తనకి ఒకరు చెబితే తెలిసిన సంగతి, ఈ ఇద్దరికీ చెప్పకుండానే తెలియాలని ఎలా అనుకుందో ఇప్పుడు ఆమెకే అర్థం కాలేదు. తప్పు తనదేనని చెప్పింది. ఇప్పుడే సవరించి ఇంకొకటి పంపుతానని మీటల మీద చేతులు పెట్టింది.

అంతలోనే జవాబు వచ్చేసింది. ఒక్క వాక్యం. ‘ఇక కాగితాలు పంపనక్కర్లేదు, మా తనిఖీ అధికారి మీ ఊళ్ళోనే ఉన్నారు, నాలుగు గంటలకు వస్తారు.’

"ఈ ఆర్డరు పోయిందంటే నీ..." అని యజమాని ఆగిపోయాడు. పూర్తి చేయనక్కర్లేకపోయింది. ఆమె చీటీలో నాలుగో పని ఇక లేనట్టేనని ముగ్గురికీ అర్థమైంది.

గుమాస్తా లేచాడు. "తప్పు చేసిన చెయ్యి నాది. ఆ ముక్క నేనే వాళ్ళకి చెబుతాను," అన్నాడు. ఏ భాషలో చెబుతావని యజమాని అడిగాడు. గుమాస్తా మళ్ళీ కూర్చున్నాడు.

కాసేపు తల పట్టుకున్నాక యజమానికి ఒక ఆలోచన తట్టింది. గుండ్రం చూస్తే వాళ్ళకి ఒప్పు అనిపిస్తుందంటే, మన దగ్గర గుండ్రాలకి కరువా? ఆమె వద్దంటున్నా వినలేదు. షెడ్డులో ఉన్న పద్నాలుగు మందీ పని ఆపి వాషర్లు తగిలించడం మొదలుపెట్టారు. ప్రతి యంత్రానికీ ఒకటి. తలుపు గడియకి ఒకటి. కిటికీకి, ఫ్యాను మీటకి, గోడ గడియారానికి ఒక్కోటి. ఎందుకో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ ఏదీ వదల్లేదు. నాలుగు కాబోతుండగా యజమాని కుర్చీకి రెండు వేలాడుతున్నాయి, గుమాస్తా చొక్కా గుండీకి ఒకటి.

తనిఖీ అధికారి అంటే ఎవరో భారీ మనిషి అనుకున్నారు. వచ్చింది నడివయసు సన్నటి ఆవిడ, చేతిలో అట్ట, చెవి వెనక పెన్సిలు. గడపలోనే ఆగి, గడియకి వేలాడుతున్న వాషరుని చూసింది. గడియారాన్ని చూసింది. గుమాస్తా గుండీని చూసింది. ఒకటో ప్రశ్నతో మొదలుపెట్టింది.

రెండు గంటలు పట్టింది. ఆవిడ చూడని మూల లేదు. ప్రతి ప్రశ్న దగ్గరా పెన్సిలుతో ఏదో పెడుతుంటే యజమాని మునివేళ్ళ మీద నిలబడి తొంగి చూసేవాడు. గుండ్రం. గుండ్రం. మళ్ళీ గుండ్రం. పొద్దున చూసి బెంబేలెత్తిన గుర్తు కోసమే ఇప్పుడు మెడ సాగదీసి, కనబడగానే గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. యాభై తొమ్మిది అయ్యాయి. అరవయ్యో ప్రశ్నకి ఆవిడ చేతులు కడుక్కునే చోటికి వెళ్ళింది. చాలాసేపు అక్కడే నిలబడింది. వచ్చి ముక్కోణం △ పెట్టింది.

తర్వాత ఆవిడ మాట్లాడింది, జపానమ్మాయి తెలుగులో చెప్పింది. ఈ ఫారం పదకొండు ఫ్యాక్టరీలకి పంపారట. పది చోట్ల నుంచి అరవైకి అరవై గుండ్రాలొచ్చాయట. అలాంటివి చదవడం ఎప్పుడో మానేశారట. తన ఫ్యాక్టరీలో అరవై లోపాలున్నాయని సంతకం పెట్టి ఒప్పుకున్న మనిషిని మాత్రం ఇన్నేళ్ళలో ఎక్కడా చూడలేదట. ఆ మనిషిని చూడాలనే వచ్చిందట. వచ్చి చూస్తే లోపాలే లేవు. ఇంత అణకువ తగదు అంటోంది.

యజమాని వినయంగా తలొంచుకున్నాడు. ఆ తలొంపులోంచే, ఇక్కడితో ఊరుకోమని ఆమెకి కనుసైగ చేశాడు.

ఊరుకుంటే అన్నీ సవ్యంగా జరిగిపోతాయని ఆమెకి తెలుసు. కానీ నాలుగో పని కోసం అబద్ధాన్ని అణకువని చెప్పడానికి నోరు రాలేదు. పొద్దుట్నుంచీ జరిగిందంతా, లెక్కల మాస్టారితో సహా, జపాన్ భాషలో పూసగుచ్చినట్టు చెప్పేసింది. ‘చెక్కు’ దగ్గరికొచ్చేసరికి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాషర్లు ఎందుకు కట్టారో విన్నాక కుర్చీ కావాలంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, చివరికి రెండే మాటలంది.

"ఏమంటుందమ్మా?" అన్నాడు యజమాని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

"ఆర్డరు మనకేనట సార్. కానీ ముక్కోణం, అంటే సగం మార్కు, అది మాత్రం తీయదట."

"ముక్కోణం ఎందుకు?"

"చేతులు కడుక్కునే దగ్గర కుళాయి కారుతోంది సార్. వాషరు లేదట."

దీపం కింద చీకటి అంటే అదే. ఫ్యాక్టరీలో వాషరు లేని చోటు ఆ ఒక్కటే.

ఆ సాయంత్రం పర్మనెంటు కాగితం గుమాస్తానే టైపు కొట్టాడు. కింద ‘ఖాయం చేయడమైనది’ అన్న మాట పక్కన ఒక గడి ఉంది. యజమాని కలం ఎత్తి చాలాసేపు ఆలోచించాడు. చివరికి, ఎవరికీ అనుమానం రాకుండా, గుండ్రం చుట్టి దాని లోపల టిక్కు పెట్టాడు.

ఇంట్లో తల్లి ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని తృప్తిగా చూసింది. "గుండీ ఇక్కడ కుట్టాలా?" అంది ఆ గుర్తు మీద వేలు పెట్టి. ఆ వెంటనే దారం రీళ్ళు ఏవీ అని అడిగింది. అవి లేవని తెలిశాక చీటీ లాక్కుని, ఐదో పని ఎక్కడుందో చూపించమని అడిగి, దాని మీద సుద్దముక్కతో అడ్డగీత కొట్టింది. ఆ గుర్తుకి అర్థం అడగాల్సిన అవసరం కూతురికి రాలేదు.

యజమానికి ఆర్డరు దొరికింది, అమ్మాయికి ఉద్యోగం దొరికింది. ఒక్క గుర్తూ తప్పిపోకుండా, వంకర పోకుండా, తెలియని భాషలో అరవై టిక్కులు పెట్టిన గుమాస్తాని మాత్రం బాగా పెట్టావని ఎవరూ అనలేదు. మీరైనా, ఎప్పుడైనా మీ కాగితం మీద ఒక టిక్కు కనబడితే, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. అది తప్పో ఒప్పో తర్వాత కనుక్కోవచ్చు.