మాయ్‌రోస్ దాటని గీత

ఆ శనివారానికి రాగ్న్వాల్డ్ వేసుకున్న పథకంలో, ఆవు పేడ వేయడానికి పదకొండు నుంచి పదకొండుంపావు దాకా సమయం కేటాయించి ఉంది. పన్నెండుకు బహుమతి ప్రదానం, పన్నెండున్నరకు సర్దుడు. నలభై ఏళ్లు భూముల సర్వే చేసి విరమించిన మనిషి కనుక, ప్రకృతి కూడా కొలతకు లోబడుతుందనే ఆయన నమ్మకం.

టాల్‌బ్రూక్ సేవాసంఘం ఏటా వేసవిలో ఆడించే పందెం అది. పచ్చికబయలును సున్నపు గీతలతో నాలుగువందల గళ్లుగా విడదీసి, గడికో టికెట్టు అమ్మి, ఆవును వదులుతారు. పేడ ఏ గడిలో పడితే ఆ టికెట్టుకు బహుమతి. ఈసారి వచ్చే డబ్బుతో, వృద్ధాశ్రమంలోని చక్రాల కుర్చీల వాళ్లు సరస్సులో స్నానానికి దిగేందుకు చెక్క వాలుదారి కట్టాలి. స్థలం సంఘాధ్యక్షుడు రాగ్న్వాల్డ్ ఇంటి వెనకది. బహుమతి ఆయన కట్టెల కొట్టంలోని బండెడు బర్చ్ కట్టెలు. ఆవు మాత్రం పొరుగునే ఉన్న బామ్మర్ది ఎవర్ట్‌ది.

ఆవును కుదిర్చింది రాగ్న్వాల్డ్ భార్య గున్వోర్. మూడేళ్ల కిందట, మంచు నిండిన ఒక మార్చి నెలలో, రాగ్న్వాల్డ్ సరిహద్దు కొలిచి, ఎవర్ట్ ఆవిరిస్నానాల గది తన భూమిలోకి మీటరు చొచ్చుకొచ్చిందని తేల్చాడు. ఆ గీతను ఆనుకుని తన కట్టెల కొట్టం కూడా కట్టేశాడు. కొలత తప్పని ఒప్పుకునేదాకా ఆ ఇంటి గడప తొక్కనని ఎవర్ట్ శపథం చేశాడు. వచ్చే ఆదివారం గున్వోర్‌కు అరవై నిండుతాయి.

"తమ్ముడు రాకపోతే నేను కేకు కొయ్యను," అందామె ఆ ఉదయం కాఫీ పోస్తూ. "సరిహద్దు గురించి వద్దులే, ఆవు గురించైనా మాట్లాడుకోండి ఇద్దరూ."

పదకొండింటికి ఎవర్ట్ తన ఆవు మాయ్‌రోస్‌ను తోలుకొచ్చాడు. రాగ్న్వాల్డ్ గడియారం చూసి తల ఊపాడు. ఎవర్ట్ ఆవును చూసి తల ఊపాడు. మాయ్‌రోస్ ఒకటో గడిలో కాలు పెట్టి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయింది.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆవు తలైనా తిప్పలేదు. కాఫీ బల్ల దగ్గరున్న సంఘ కార్యదర్శి తూరా టికెట్ల పుస్తకం తిరగేసింది.

"ఒకటో నంబరు ఎవరిదబ్బా? ఓహో, గున్వోర్‌ది! అధ్యక్షుడిగారి పెళ్లాం, ఆవుగలాయన అక్క. భలే కుదిరిందమ్మా!"

జనంలో గుసగుసలు లేచాయి. రాగ్న్వాల్డ్ చెవులు ఎర్రబడ్డాయి. మూడేళ్లలో మొదటిసారి బామ్మర్ది దగ్గరికి నడిచాడు.

"ఆవుకేమైనా నేర్పించావా?"

"నేర్పించా బావా. వచ్చేవారం భూముల కొలత కూడా నేర్పిస్తా. నీకంటే బాగా చేస్తుంది."

పరువు నిలవాలంటే ఆవు కదలాలి. రాగ్న్వాల్డ్ రై రొట్టె చూపించాడు. మాయ్‌రోస్ మెడ చాచి తిన్నది, కాలు కదపలేదు. పలుపు పట్టి లాగాడు. చివరికి టోపీ సవరించుకుని వెనక నుంచి తోయబోయాడు.

"అక్కడ నిలబడకు బావా, బహుమతి నీకే వస్తుంది!" అన్నాడు ఎవర్ట్. మైదానమంతా గొల్లుమంది.

గంట దాటింది. ఎవరూ కదల్లేదు. కాఫీ మూడుసార్లు కాచారు, గున్వోర్ వాఫిళ్ల పెనం తెచ్చి ఆరుబయటే వేయడం మొదలుపెట్టింది. అప్పుడు గాని ఎవర్ట్ అసలు సంగతి చెప్పలేదు.

"గీతలు చూసి భయపడుతోంది. దూడగా ఉన్నప్పుడు రోడ్డు మలుపులో, పశువులు దాటకుండా వేసే ఇనుప కడ్డీల మధ్య దీని కాలు ఇరుక్కుంది. అప్పట్నుంచీ నేలమీద చారలంటే దీనికి హడలు. నువ్వేమో జానెడు వెడల్పున సున్నం పోశావు."

"ముందే చెప్పొచ్చుగా!"

"మూడేళ్లుగా నా మాట ఒక్కటైనా విన్నావా?"

రాగ్న్వాల్డ్ తన గీతల వంక చూశాడు. ఆరు గంటల శ్రమ, ఒక్క వంకర లేదు. గున్వోర్ ఇద్దరి చేతుల్లోనూ చెరో చీపురు పెట్టింది. "అంచుల్లో మేకులున్నాయిగా, తర్వాత మళ్లీ కొలుచుకోవచ్చు. ఊడవండి."

బావా బామ్మర్దులు పక్కపక్కనే ఊడ్చారు. చివరి గీత చెరగగానే మాయ్‌రోస్ తోక ఎత్తి పరుగందుకుని, అవతలి అంచున జూనిపర్ పొద పక్కన ఆగి, పని ముగించింది. చప్పట్లు మోగాయి.

నియమం ప్రకారం పేడ నడిమధ్యకు కొలత తీయాలి. రాగ్న్వాల్డ్ వంగి పుల్లతో కాస్త కదిపాడు. పుల్ల ఠక్కుమంది. చేతిరుమాలుతో తుడిస్తే నాచు కింద రాయి, రాతి మీద చెక్కిన సిలువ గుర్తు. అసలు సరిహద్దు రాయి! మంచులో ఆనాడు ఆయన సరిహద్దనుకున్నది ఒకప్పుడు పాలబిందెలు పెట్టిన పాత అరుగు కింది పునాది రాయి. ఎవర్ట్ ఆవిరిగది క్షేమంగా ఎవర్ట్ భూమిలోనే ఉంది. రాగ్న్వాల్డ్ కట్టెల కొట్టమే పొరుగు భూమిలో నిలబడి ఉంది.

చూసినవాళ్లు ఆయనా, ఆవూ తప్ప ఎవరూ లేరు. మళ్లీ కప్పేయడానికి కావలసిన సామగ్రి పక్కనే వెచ్చగా ఉంది. ఆయన తలెత్తాడు. దూరంగా గున్వోర్, వాఫిల్ మాడుతున్న సంగతి మరిచి, తమ్ముణ్నీ మొగుణ్నీ మార్చి మార్చి చూస్తోంది.

రాగ్న్వాల్డ్ టోపీ తీశాడు. "ఎవర్ట్! ఇలా రా. టేపు ఆ చివర పట్టుకో."

ఎవర్ట్ వచ్చాడు, రాయిని చూశాడు.

"తప్పు నాదే," అన్నాడు రాగ్న్వాల్డ్, అందరికీ వినబడేలా.

"మీటరే కదా బావా, పోనీలే."

"మీటరు కాదు. మీటరూ నాలుగు సెంటీమీటర్లు."

"అయితే పేడ కూడా నా భూమిలోనే పడిందన్నమాట," అని ఎవర్ట్ నవ్వాడు. "కట్టెలు పోతే కొట్టం తేలికవుతుంది. ఆదివారం కేకు తిన్నాక నేనూ ఓ చెయ్యేస్తా, జరుపుదాం."

మేకుల లెక్కన అది ఇరవయ్యో గడి. టికెట్టు తూరాది. "న్యాయమంటే ఇదీ! ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు," అని ఆమె ప్రకటించింది. ఆలస్యం పుణ్యమా అని అమ్ముడైన కాఫీతో, వాఫిళ్లతో వాలుదారికి రెండువైపులా పట్టుకమ్మీలు కూడా సమకూరాయి.

ఆ సాయంత్రం ఎవర్ట్ బావగారిని ఆవిరిస్నానానికి పిలిచాడు. రాగ్న్వాల్డ్ తువ్వాలు మరిచిపోయాడు గాని, టేపు తెచ్చుకున్నాడు.