తాడు ఫైలులో రెండో పేజీ

ఓడ మీద పనిచేసేవాడికి ఉన్నన్ని రక్షణలు ఒడ్డున కూర్చున్న మహారాజుకి కూడా లేవు. పదకొండు చట్టాలున్నాయి. ఏడు దేశాల సంతకాలున్నాయి. (అవన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు.)

మన సరంగు ఇరవై రెండేళ్ళు ఓడ మీద పనిచేసే కళాసీలకి పెద్దగా ఉన్నాడు. ఒకరోజు పరాయి రేవులో ఓడని కట్టేస్తుంటే, మణికట్టంత లావు తాడు ఫట్టున తెగి ఆయన మోకాలిని చితక్కొట్టింది. ఓడ పుస్తకంలో ఆ సంగతి పొల్లుపోకుండా రాశారు: "తాడు ఒకటి తెగినది. కొస ఒక మనిషికి తగిలి ఆగినందున వెనకనున్న యంత్రానికి ఏ నష్టమూ లేదు."

తాడుని చూడటానికి ముగ్గురు అధికారులు వచ్చారు, ఫోటోలు తీశారు. తొమ్మిదో రోజుకల్లా కొత్త తాడు వచ్చింది. సరంగుని ఇంటికి పంపేశారు.

నెలాఖరులోగా ఆపరేషన్ చేయకపోతే ఆ మోకాలు ఇక వంగదని డాక్టరు చెప్పాడు. ఖర్చు తనదేనని కంపెనీ ఇచ్చే ఉత్తరం ఆసుపత్రికి కావాలి. భార్య భుజం పట్టుకుని సరంగు కుంటుకుంటూ ఆఫీసుకి వెళ్ళాడు.

"మీ పేరున ఫైలు లేదండీ," అన్నాడు గుమస్తా, ఎంతో మర్యాదగా. "తాడు పేరున ఉంది. అందులో రెండో పేజీలో ఉన్నారు మీరు. అది మూసేశాం."

"మూసేస్తే తెరవండి బాబూ," అంది భార్య. "తాడుకి మోకాలుందా?"

"తెరవాలంటే దెబ్బతిన్న వస్తువు యజమాని అర్జీ పెట్టాలమ్మా."

"ఈయనకి యజమానురాలిని నేనే."

"సంతోషం. కొన్న రసీదు?"

సరంగు భార్య వంక చూశాడు. "ఉందటే?"

"ఉంటే నిన్ను ఎప్పుడో తిరిగిచ్చేసేదాన్ని," అంది ఆవిడ. ఆ మాటకి నవ్వబోయి, మోకాలు కలుక్కుమని ఊరుకున్నాడు.

గొడవ విని పెద్ద అధికారి బయటికొచ్చాడు. (మంచివాడు. కుర్చీ వేయించాడు. ఆ మోకాలితో అందులో కూర్చోవడం కుదరలేదు, అది వేరే సంగతి.)

"చూడు పెద్దాయనా, అన్యాయం ఎక్కడ జరిగిందో చెప్పు. తెగిన తాడు బదులు కొత్త తాడు పంపామా? పంపాం. నీ బదులు కొత్త సరంగుని పంపామా? తాడుతో పాటు అదే విమానంలో పంపాం. ఓడకి ఏ లోటూ లేదు."

"మరి ఈ కాలు సంగతేంటయ్యా?" అన్నాడు సరంగు.

అధికారి ఆ కాలు వంక జాలిగా చూశాడు. "అది ఇప్పుడు ఓడ మీద లేదు కదా!"

నెలాఖరు దాటింది. మోకాలు వంగడం మానేసింది. ఆ ఏడాది ఆ ఓడకి భద్రతా బహుమతి ఇచ్చారు. ఏడాది మొత్తంలో దెబ్బతిన్నది ఒక్క తాడేనట.