సమావేశానికి వెళ్లిన చెప్పులు

ఆ ఊరి ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశానికి తల్లిదండ్రుల బదులు వాళ్ల చెప్పులు వెళ్లి కుర్చీల్లో కూర్చుంటాయి, టీచర్లు చెప్పిందంతా విని ఇంటికొచ్చి అప్పజెబుతాయి. ఇందులో వింతేముంది? యూరియా కోసం ఎరువుల దుకాణం ముందు మన బదులు చెప్పులు లైన్లో నిలబడితే చెల్లుతుంది కదా. హెడ్మాస్టరు భూమేశ్వర్ గారు ఒకనాడు దారిన పోతూ ఆ లైను చూశారు, చూసి మరునాడే ఉత్తర్వు తీశారు. అంతకు ముందు సమావేశానికి పట్టుమని పదిమంది వచ్చేవాళ్లు కారు. ఇప్పుడు హాజరు నూటికి నూరు. పైఅధికారులు తెగ మెచ్చుకుని, హాజరైన చెప్పులకు టీ, బిస్కెట్లు మంజూరు చేశారు. అవి టీచర్లే కానిచ్చేస్తారు లెండి, అది వేరే సంగతి.

నీళ్ల క్యాన్ల ఆటో నడిపే ఓదెలుకు ఈ ఏర్పాటు మహా బాగా కుదిరింది. తెల్లారకముందే ప్లాంటుకు వెళ్లి క్యాన్లు నింపుకోవాలి. ఇల్లు చేరేసరికి కూతురు నవ్య నిద్రపోయి ఉంటుంది. ఆదివారాలైతే పెళ్లిళ్లు, ఇంకా ఎక్కువ క్యాన్లు. సమావేశం ఉన్ననాడు ఆయన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి ఉత్తకాళ్లతో పనికి పోతాడు. తొమ్మిదో తరగతి చదివే నవ్య వాటిని తుడిచి, సంచిలో పెట్టుకుని బడికి తీసుకుపోతుంది. మర్నాడు ఓదెలు వాటిని తొడుక్కోగానే ఒక్కో విభాగం టీచరు చెప్పిన కబురు అరికాళ్లలోంచి పైకి పాకుతుంది. ఎడమ చెప్పు లెక్కలూ, సైన్సూ వింటుంది. మిగతావన్నీ కుడిదానివి. పాపం దాని మడమ అరిగి చిల్లుపడింది, అందుకని ఇంగ్లీషు విభాగం కబురు సగం దారిలోనే కారిపోతుంది.

"ఇంగ్లీషుల గూడ మంచిగనే ఉన్నట్టుంది" అని ఓదెలు భార్య స్వరూపకు చెప్పి సరిపెట్టేవాడు.

"ఆ చెప్పులు పారేసి కొత్తయి కొనరాదా" అంది స్వరూప ఒకసారి.

"కొత్తవాటికి మన పిల్ల సంగతి ఏం తెలుసు? ఇవి ఆరో తరగతి నుంచి పోతున్నయ్."

నిజమే మరి, అనుభవం అనుభవమే. నవ్య కూడా వాటికి బాగా అలవాటు పడిపోయింది. తండ్రికి చెప్పాలనుకున్నదేదైనా గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులతో చెప్పేది. పొద్దున ఆయనకు అందేది. ఇంట్లో ఎవరికీ ఏ లోటూ లేదు.

ఈసారి మాత్రం చెప్పులు తొడుక్కోగానే ఓదెలుకు కూతురి గొంతు కాస్త గట్టిగానే వినిపించింది. "సైన్సు విభాగానికి నేను క్యాన్లెత్తే యంత్రం చేసిన. నాయిన నడుం నొప్పి పోవాలని చేసిన. మీకేమో నడుం లేకపాయె, చూసి ఏం జేస్తరు? ఈసారి నాయిన్నే పంపుండ్రి."

ఈసారి తానే వెళ్లాలని ఓదెలు అనుకున్నాడు. సమావేశం నాడు క్యాన్లు అందని నాలుగు దుకాణాల వాళ్లతో తిట్లు తిని మరీ బడికి బయల్దేరాడు, ఉత్తకాళ్లతోనే. ఎందుకంటే నవ్య ముందుజాగ్రత్తగా చెప్పులను తీసుకుపోనే పోయింది.

హాలు గుమ్మంలో డ్రిల్లు మాస్టారు ఆపేశారు. "నవ్య గార్డియన్ లోపల కూర్చున్నారు. మీరెవరు?"

"నేను నవ్య నాయిన్ను సార్. అవి నా చెప్పులే."

"సంతోషం. చాలా శ్రద్ధగల చెప్పులండీ."

"వాటిని తొడుక్కుని నేనే కూసుంటా సార్."

"ఎలా కుదురుతుంది? మీరు తొడుక్కుంటే అవి నేలమీద ఉంటాయి, కుర్చీలో ఉండవు. హాజరు పడదు. హాజరు పడకపోతే అమ్మాయిని జిల్లా సైన్సు ప్రదర్శనకు పంపలేం. మీ ఇష్టం." అని, వెంటనే మెత్తబడి, "అదిగో, మనుషుల్ని విడిచేచోటు అక్కడుంది. వరుసలో కూర్చోండి" అన్నారు.

పిల్ల భవిష్యత్తు మాట వచ్చాక ఇంకేం వాదిస్తాడు? వరండాలో మెట్ల పక్కన అప్పటికే కొందరు కూర్చుని ఉన్నారు. ఓ పెద్దావిడ చోటిచ్చింది. "గోడకు జరుగు బిడ్డా. నిరుడు మా తమ్మున్ని ఎవలియో బూట్లు తొడుక్కుని పోయినయ్. ఇప్పుడు వాళ్లింట్లనే ఉంటుండు. మంచిగనే చూసుకుంటున్నరు."

కిటికీలోంచి ఓదెలుకు అంతా కనిపించింది. ఒక్కో విభాగం టీచరు లేచి నివేదిక చెబుతుంటే చెప్పులన్నీ కదలకుండా వింటున్నాయి, ముందు వరుసలో ఒక తోలు బూట్ల జత తప్ప. అది కునుకు తీస్తోంది. చివర్లో నవ్య తన యంత్రంతో వచ్చింది. చెక్కమీటను ఒక్క చేత్తో నొక్కింది. నిండు క్యాను అమాంతం పైకి లేచి బల్లమీద కూర్చుంది. అబ్బ! ఓదెలు నడుం అక్కడికక్కడే తేలికైపోయింది. చెప్పులన్నీ టపటపా చప్పట్లు కొట్టాయి.

"జిల్లాకు ఈ అమ్మాయే" అన్నారు హెడ్మాస్టరు గారు. "ఒక్క సమావేశం తప్పని ఆ గార్డియన్ దీవెన తీసుకోమ్మా."

నవ్య రెండో వరుసకు వెళ్లి వంగి, ఆ అరిగిన మడమను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. బయట ఓదెలు కుడిపాదం జిల్లుమంది. చెయ్యి దానంతట అదే దీవిస్తూ లేచింది. ఎవరూ చూడలేదు. ఆనందంతో ఆయన కళ్లు నిండిపోయాయి.

సమావేశం అయ్యాక చెప్పులు బయటికొచ్చి ఎవరి మనుషుల్ని అవి వెతుక్కోసాగాయి. తోపులాటలో ఒకరిద్దరు తారుమారయ్యారు కూడా. నవ్య చెప్పులు చేత్తో పట్టుకుని వరుస వెంట నడిచింది. ముఖాలకేసి చూడలేదు. ఒక్కొక్కరి పాదాల ముందు చెప్పులు పెట్టి చూస్తూ వచ్చింది. ఓదెలు పక్కాయన దగ్గర కాసేపు తటపటాయించింది కూడా. ఓదెలు తన పాదాలను కొంచెం ముందుకు జరిపాడు.

సరిగ్గా పట్టాయి.

నవ్య తలెత్తింది. "నాయినా, నువ్వేనా?"

"నేనే బిడ్డా."

పిల్ల నమ్మింది. అదే పదివేలు అనుకుని ఓదెలు లేచి, చెప్పులు ఎటు తీసుకుపోతే అటు నడిచాడు.