ఆగయ్య ఎర్తింగ్

ఆ రోజు పొద్దున ఆగయ్య వేసుకున్న లెక్క చిన్నదే. ఎనిమిదింటికి ఆస్పత్రి, పదింటికి హెర్నియా ఆపరేషన్, మర్నాటికల్లా మళ్లీ యాకుత్‌పురాలో తన ఇల్లు. పక్కింటి బాబూమియా ధైర్యం చెప్పడానికి వచ్చేదాకా ఆ లెక్క బాగానే ఉంది.

"ఫికర్ చెయ్యకు ఆగయ్య భాయ్. నాకూ గదే ఆపరేషన్ అయింది. ఇప్పుడు కత్తి తక్కువ, అంతా కరెంటే. కోసిన తాన రక్తం గూడ కారది. సన్నగ పొగ లేస్తది, గంతే."

ఆగయ్య చేతిలోని సంచి జారిపడింది. ముప్పై ఐదేళ్లు లైన్‌మన్‌గా చేసినవాడికి కరెంటు కొత్త కాదు, అందుకే అంత భయం. లైన్ ఆపామని సబ్‌స్టేషన్ నుంచి ఇచ్చే మాటను లైన్‌మన్లు ఎల్‌సీ అంటారు. పని ముగిసి ఆ ఎల్‌సీ వాపస్ ఇస్తేనే మళ్లీ కరెంటు వదులుతారు. ఎల్‌సీ తీసుకోకుండా స్తంభమెక్కి షాక్‌తో పోయిన దోస్తు రామ్‌చందర్‌ను కిందికి దించింది ఆగయ్యే. ఇప్పుడు తన కడుపులోకే కరెంటు వస్తుందట. ఎల్‌సీ ఎవరిని అడగాలి?

భయపడ్డవాడికి తెలివి తొందరగా పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె ఎందుకు పోస్తారు? కరెంటు దాటకుండా. భార్య లీలమ్మ మామిడి తొక్కు కోసం దాచుకున్న పల్లినూనె సీసా సంచిలోకి ఎక్కింది. ఆస్పత్రి బాత్రూంలో మెడ నుంచి పాదాల దాకా పట్టించి, పైన గౌను తొడుక్కున్నాడు. వీపుకు మాత్రం చేయి అందలేదు.

అందని ఆ చోటే మత్తు సూది దిగింది. కాసేపటికి నడుం కింద ఏమీ తెలియలేదు. కరెంటు పెట్టేశారు, కాళ్లు పోయాయి అనుకున్నాడు. నర్సు షారోన్ అతని తొడకు మెత్తటి ప్లేటు అంటించింది. అది జారింది. మళ్లీ అంటించింది. ఆన్ చేయగానే కరెంటు మెషీన్ ఎర్ర లైటు వెలిగించి, కీచుమని మొత్తుకుంది. ఆగయ్య కళ్ల ముందు రామ్‌చందర్ నిలబడ్డాడు.

"మేడం, ప్లేటు నిలుస్తలేదు. గీ పెద్దాయన దగ్గర బజ్జీల వాసనొస్తుంది," అంది షారోన్.

"ఏం పూసుకున్నరు బాపూ?" అని అడిగింది డాక్టర్ నౌరీన్.

"పల్లినూనె, డాక్టరమ్మా. కరెంటు తగలొద్దని. ఎల్‌సీ లేకుంట నన్ను ముట్టకుండ్రి, దండం పెడ్త."

నౌరీన్ నవ్వలేదు. "మేం పెట్టే కరెంటు గీ ప్లేటు నుంచే వాపస్ పోవాలె. ప్లేటు మొత్తం అంటుకుంటె ఏం కాదు. నూనెకు జారి ఒక్క మూలనే అంటుకుంటె కరెంటంత ఆ మూలకే వచ్చి తోలు కాలుతది. గందుకే మెషీన్ తనంతల తానే బంద్ అయింది."

ఆగయ్యకు సంగతి అర్థమైంది. అంటే లూజు ఎర్తింగ్. చెప్పేవి శ్రీరంగ నీతులన్నట్టు, ముప్పై ఐదేళ్లు ఏ తప్పుకు బస్తీ అంతటినీ తిట్టాడో అదే తప్పును తన తొడ మీద తన చేత్తోనే చేసుకున్నాడు. సిగ్గు ముంచుకొచ్చేసరికి భయం సగం దిగింది.

షారోన్ సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరాక కొత్త ప్లేటు అంటించింది. ఈసారి పచ్చ లైటు వెలిగింది.

"అంచులు గిట లేసినయా సూడు బిడ్డా."

"లేవలే బాపూ. గట్టిగుంది."

ఆగయ్య కళ్లు మూసుకున్నాడు. "గట్లయితే ఎల్‌సీ వాపస్ ఇస్తున్న. కరెంటు ఇడ్వుండ్రి."

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు సంచిలోని ఖాళీ సీసా లీలమ్మ కంటపడ్డప్పుడు మాత్రం ఆగయ్యకు ఎల్‌సీ దొరకలేదు.