ఆరు తలుపుల అంగారక నౌక

ఆ ఆదివారం అలబామా పల్లెలోని వెండెల్ ఇంట్లో ఉన్నవాళ్లు: తలుపుల షెడ్డు యజమాని వెండెల్, ఆయన తల్లి హేజెల్, కూతురు జోసీ, కుక్క, దేశ భవిష్యత్తు నిమిత్తం విచ్చేసిన ప్రతినిధుల సభ సభ్యుడు స్టోక్లీ, ఆయన వెంట నౌక డిజైనర్ మోరీన్.

"మనిషి అంగారకుడి మీదికి వెళ్తాడు, అదే నౌకలో తిరిగొస్తాడు, మళ్లీ వెళ్తాడు," అని స్టోక్లీ గారు ప్రకటించారు. "ఆ నౌకకు తలుపులు మన వెండెల్ చేస్తాడు."

జోసీ ఊపిరి పీల్చుకుంది. ఆర్డర్లు లేక శుక్రవారం షెడ్డు మూసేస్తానని నాన్న పనివాళ్లకు చెప్పేశాడు. ఆమె వంటింటి గుమ్మంలోనే నిలబడింది. కొత్తవాళ్ల ముందు ఆ పిల్ల నోరు విప్పదు.

స్టోక్లీ గారు ముక్కలుగా కోసిన పీకన్ పప్పుల తీపి రొట్టె పళ్లెం ముందుకు లాక్కున్నారు. "ఇదీ డిజైన్. ఒక్కో ముక్క ఒక్కో రాష్ట్రం. సీట్లు టెక్సాస్‌వి, కిటికీలు ఫ్లోరిడావి. ఓటేసినవాళ్లకు ఓ ముక్క."

"డిజైన్ నాది కదండీ," అంది మోరీన్.

"నీదేనమ్మా. పంపకమే నాది."

ఫోన్ మోగింది. ఉత్తరాది సెనేటర్ ఒకాయన ఓటు వెయ్యనన్నాడట. స్టోక్లీ గారు ఏమాత్రం చలించకుండా ఆ సెనేటర్ వంతు ముక్క తీసుకుని తినేశారు.

"అదేం ముక్క?" అంది మోరీన్.

"తిరుగు ప్రయాణం ఇంజిన్."

"అది లేకపోతే మళ్లీ మళ్లీ వాడే నౌక ఎలా అవుతుంది సార్?"

"ఆ పేరు మీద ఓటింగ్ ఎప్పుడో అయిపోయింది. పేరు మారదు." ఆయన మూతి తుడుచుకున్నారు. "బరువు తగ్గింది కాబట్టి వెండెల్, నీకు రెండు కాదు, ఆరు తలుపులు."

"ఇంకో ఫోనొస్తే పళ్లెం కూడా తినేస్తాడురా," అంది హేజెల్.

వెండెల్ నవ్వలేదు. ఆరు తలుపులంటే రెండేళ్ల పని.

అవతలి నుంచి తెరుచుకోనిది తలుపు కాదు, గోడ అని జోసీకి చిన్నప్పటి నుంచీ చెప్పింది ఆయనే. అందుకే కాబోలు, ఆ పిల్ల టీ జగ్గు పట్టుకుని నాలుగడుగులు ముందుకొచ్చి, స్టోక్లీ గారిని కాకుండా ఆయన్నే అడిగింది.

"వెళ్లినవాళ్లు ఎలా వస్తారు నాన్నా?"

అందరూ వెండెల్ వైపు చూశారు. స్టోక్లీ గారి చేతిలో చాకు ఇంకో ముక్క మీద ఆగింది.

వెండెల్ లేచాడు. కూతురి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా వంటింట్లోకి నడిపించాడు. ఆమె చేతిలోంచి జగ్గు తీసుకున్నాడు. బయటికొచ్చి వంటింటి తలుపు వేశాడు.

తన చేత్తో చేసిన తలుపే. కిర్రుమని కూడా అనలేదు.